వర్కింగ్ హాలిడే వీసా: తెలుగు యువతకు ఆలస్యంగా తెరుచుకున్న దారి

పరాయి దేశంలో ఏడాదో రెండేళ్లో ఉండి, ఊళ్లు చూస్తూ, ఖర్చులకు అక్కడే పని చేసుకోవడానికి యువతకు ఇచ్చే అనుమతి వర్కింగ్ హాలిడే వీసా. ఆస్ట్రేలియా దీన్ని 1975లో మొదలుపెట్టింది. బ్రిటన్‌లో కామన్వెల్త్ యువతకు ఇలాంటి పథకమే ఉండేది, భారతీయులూ అర్హులే. 2003లో వయోపరిమితిని 27 నుంచి 30 ఏళ్లకు పెంచారు కూడా. 2008 నవంబరులో దాని స్థానంలో తెచ్చిన కొత్త పథకాన్ని తొలుత ఆస్ట్రేలియా, కెనడా, జపాన్, న్యూజిలాండ్ వారికే ఇవ్వడంతో మనవాళ్లకు ఆ తలుపు మూసుకుపోయింది. హైదరాబాద్‌లో మధురానగర్, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉంటూ అమీర్‌పేటలో కోచింగ్ తీసుకునే కుర్రకారుకు విదేశమంటే ఎమ్మెస్ సీటు, బ్యాంకు లోను, పార్ట్‌టైమ్ పని, చదువయ్యాక కొంతకాలం పనికిచ్చే ఓపీటీ అన్న వరసే ఖాయమైంది.

ఆ తలుపు మూసుకుపోవడం వల్ల ఏం నష్టపోయామో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. విదేశాల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్లకు యజమానిని ఎంచుకునే వీలు దక్కడం అరుదు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగు జిల్లాల వారెందరో ఉన్నారు. గిర్మిట్ ఒప్పందం వాళ్లను ఐదేళ్లపాటు ఒకే యజమానికి కట్టేసింది. పని ఎగ్గొడితే శిక్షించేవారు. 1920 జనవరి 1న ఆ ఒప్పందాలు రద్దయ్యాయి. గల్ఫ్‌లోని కఫాలా పద్ధతిని, అమెరికాలోని హెచ్-1బీ వీసాను ఆ దారుణంతో సమానం చేయలేం. అయినా పనివాడు ఆ దేశంలో ఉండగలగడం యజమాని మీద ఆధారపడటం వీటిలోనూ ఉంది. వర్కింగ్ హాలిడే ఆ ముడి విప్పుతుంది. ఆస్ట్రేలియా ఇప్పుడు భారతీయులకిస్తున్న 462 వీసాలోనైతే మామూలుగా ఒకరి దగ్గర ఆరు నెలలకు మించి పని చేయనే కూడదు. జీతం సరిగా ఇవ్వని చోట మానేసినా వీసా పోదు. పేరులో సెలవు ఉన్నా, దీని అసలు విలువ ఈ స్వేచ్ఛే.

2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం కింద ఆస్ట్రేలియా భారతీయులకు ఏటా 1,000 వీసాలకు ఒప్పుకుంది. 18 నుంచి 30 ఏళ్ల వారికి 2024 అక్టోబరులో తొలి డ్రాకు దరఖాస్తులు పిలిస్తే, రెండు వారాల్లోనే సుమారు 40 వేలు వచ్చాయి. బ్రిటన్ 2023 ఫిబ్రవరి నుంచి డిగ్రీ చదివినవారికి ఏటా 3,000 వరకు రెండేళ్ల వీసాలిస్తోంది. స్థిరపడే వీలు లేనప్పుడు వెళ్లి ఏం లాభమని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దీనికి యూనివర్సిటీ ఫీజు లేదు, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చే లోను లేదు. ఆస్ట్రేలియా వీసాకైతే దారిఖర్చు కాక చేతిలో సుమారు 5,000 ఆస్ట్రేలియా డాలర్లు చూపించాలి. అప్పు లేనివాడు తిరిగి రావడం ఓటమి ఎలా అవుతుంది?

ఈ వీసాపై వెళ్లినవారు పనిచేసే ఆస్ట్రేలియా తోటల్లో శ్రమదోపిడీ ఉందన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఆస్ట్రేలియా కార్మిక పర్యవేక్షణ సంస్థ 2016లో ఇచ్చిన నివేదికే దాన్ని ఒప్పుకుంది. కోసినంతకే కూలి ఇచ్చే పద్ధతిలోనూ గంటకు కనీస వేతనం దక్కాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 28న వచ్చింది. ఒక లోపం మాత్రం మిగిలే ఉంది. రెండో ఏడాది వీసా కావాలంటే నిర్దేశించిన ప్రాంతాల్లో మూడు నెలలు తోటపని లాంటివి చేసి తీరాలి. ఆ గడువు పూర్తయ్యేదాకా యజమాని మాట జవదాటలేని పరిస్థితి, అంటే విప్పిన ముడే మళ్లీ పడుతోంది. బ్రిటన్ యువతకు 2024 జులై నుంచి ఈ షరతు ఎత్తేశారు. మనవాళ్లకూ ఎత్తేయమని మన ప్రభుత్వం గట్టిగా అడగాలి. ఆస్ట్రేలియా డ్రాకు పేరిచ్చేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: రుసుము 25 డాలర్లు, ఎంపిక పూర్తిగా కంప్యూటర్‌దే. పేరు తెప్పిస్తామనే ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వకండి.