లక్షల బొమ్మల్లో ముఖ్యమైనది ఏది?

రాయ్‌పూర్ నుంచి ధమ్తరికి ఒకప్పుడు నారోగేజ్ రైలు నడిచేది. దారిలో అభన్‌పూర్ జంక్షన్. అక్కడ రాజిమ్ వైపు మరో లైను చీలేది. ఆ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే, కనిపించిన ప్రతి వరిమడినీ మీరు వర్ణించరు. “అభన్‌పూర్‌లో లైను చీలింది” అంటారు. మార్పు వచ్చిన చోటే మనకు గుర్తుంటుంది. కంప్యూటర్ వీడియోను కుదించే పద్ధతికి మూలసూత్రం కూడా ఇదే.

దీని అవసరం ఎంతటిదో చూద్దాం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం జరిగింది. ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు రోజుకు దాదాపు 4 గంటల కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్, అప్పటి మధ్యప్రదేశ్‌లోని రాయ్‌పూర్ ప్రాంతం వాటిలో ఉన్నాయి. మన టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. అంటే 4 గంటలకు 3,60,000 బొమ్మలు! ఇన్నింటిలో కావలసినదాన్ని వెతకడం ఎలా?

1993లో సింగపూర్‌లో హాంగ్‌జియాంగ్ జాంగ్, ఆత్రేయి కంకణహళ్లి, స్టీఫెన్ స్మోలియార్ ఒక ముఖ్యమైన పద్ధతిని వివరించారు. పక్కపక్క ఫ్రేముల్లోని రంగుల లెక్కలను పోల్చాలి. తేడా ఒక హద్దు దాటితే అక్కడ షాట్ మారినట్టు. అప్పుడు ఒక్కో షాట్ నుంచి ఒక ఫ్రేమును ప్రతినిధిగా తీసుకోవచ్చు. దీన్నే ‘కీ ఫ్రేమ్’ అంటారు.

అయితే ఇక్కడొక చిక్కుంది. అరగంట పాఠంలో ఉపాధ్యాయుడు ఒకేచోట నిలబడి మాట్లాడితే యంత్రం ఒక్క ఫ్రేమే తీసుకుంటుంది. మధ్యలో వచ్చిన 30 సెకన్ల ప్రకటన నుంచి పది తీసుకోవచ్చు! మార్పు వేరు, ప్రాధాన్యం వేరు. అందుకే 1994లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ‘ఇన్ఫోర్మీడియా’ పథకం బొమ్మలతోపాటు మాటలనూ పరిశీలించింది. ఆ పరిశోధకుల్లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ఒకరు. మాటను యంత్రం గుర్తించడం ఆయన దీర్ఘకాలం కృషి చేసిన రంగం. 1994లోనే ఆయనకు ట్యూరింగ్ అవార్డు లభించింది.

ఇది చరిత్ర విద్యార్థికి ఎందుకు ముఖ్యం? టీవీ ముందు కదలకుండా కూర్చున్న పల్లె జనం రంగుల లెక్కలో పెద్ద మార్పు కాదు. కానీ ఆ ప్రయోగం జరిగింది వారి కోసమే. కాబట్టి సారాంశాన్ని విషయసూచికలా వాడండి. దాన్ని చూసి అసలు వీడియోను పారేయకండి.

అభ్యాసం: మీ పాఠశాల వేడుక వీడియో నుంచి ఐదు ఫ్రేములు ఎంచుకోండి. వాటిలో ఎవరు కనబడలేదో రాయండి.