బ్రాస్ బ్యాండుల పోటీ కృతులు

బ్రాస్ బ్యాండుల పోటీలో దిగిన ప్రతి బృందమూ తప్పనిసరిగా వాయించవలసిన రచనను పోటీ కృతి అంటారు. వాడుకలో ఇది టెస్ట్ పీస్. 19వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండు మిల్లుల ఊళ్లలో, బొగ్గుగనుల ఊళ్లలో ఈ పద్ధతి వేళ్లూనుకుంది. అక్కడి బ్యాండులో పాతిక మంది దాకా వాదకులు ఉంటారు. కార్నెట్, ఫ్లూగెల్‌హార్న్, టెనర్ హార్న్, బారిటోన్, యుఫోనియం, ట్రాంబోన్, బాస్ వారి వాద్యాలు. మన పెళ్లి ఊరేగింపు బ్యాండు మేళంలో వినిపించే క్లారినెట్‌కు ఇందులో చోటు లేదు. డ్రమ్ముల వంటి తాళవాద్యాలను కూడా పోటీ వేదిక మీదికి చాలాకాలం రానివ్వలేదు.

1853లో మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ ఉద్యానవనంలో మొదలైన పోటీయే నేటి బ్రిటిష్ ఓపెన్‌కు మూలం. ఆ ఏడాది బృందాలు తమకు నచ్చినవి వాయించాయి. మాస్లీ టెంపరెన్స్ శాక్స్‌హార్న్ బ్యాండు గెలిచింది. అయితే తలా ఒక రచన వాయిస్తే ఎవరు మెరుగో తేల్చడం కష్టం. 1855లో జేమ్స్ మెల్లింగ్ రాసిన ‘ఒరింథియా’ను అందరికీ ఉమ్మడి కృతిగా పెట్టారు. ఒకే రచనను ఒక్కో బ్యాండూ వంతులవారీగా వాయిస్తుంటే శ్రోతలకూ పోల్చి వినడం అలవాటైంది. వాయించే వరుసను చీటీలు తీసి నిర్ణయిస్తారు. వాయించేది ఎవరో న్యాయనిర్ణేతలకు కనబడకుండా వారిని తెరల చాటున కూర్చోబెడతారు. ఈ ఆచారం పెద్ద పోటీల్లో ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా పోటీ కృతులంటే ఎక్కువగా ఒపెరా ఘట్టాల కూర్పులే. వెర్డి, మేయర్‌బేర్, డోనిజెట్టి వంటి వారి ఒపెరాల నుంచి పాటలు ఏరి బ్యాండుకు అమర్చేవారు. బెల్ వ్యూ కోసం ఈ పని ఏళ్ల తరబడి చేసినవాడు సైనిక బ్యాండ్‌మాస్టర్ చార్లెస్ గాడ్‌ఫ్రీ. గాయని పాట కార్నెట్‌కు, గాయకుడి పాట యుఫోనియానికో ట్రాంబోన్‌కో వచ్చేది. సొంత రచనలు కావన్న కారణంతో ఈ కాలాన్ని తక్కువ చేసి మాట్లాడటం సరికాదు. ఒపెరా హాలు గడప తొక్కని మగ్గం కార్మికుడు వెర్డిని నేర్చుకున్నది ఈ కూర్పుల్లోనే. బ్యాండు వాద్యాలకు గొంతులా పాడే గుణం అబ్బిందీ ఇక్కడే.

1900లో జాన్ హెన్రీ ఐల్స్ లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జాతీయ పోటీని నెలకొల్పాడు. 1913లో ఆ పోటీ కోసం పెర్సీ ఫ్లెచర్ ‘లేబర్ అండ్ లవ్’ రాశాడు. పెద్ద పోటీకి బ్యాండు కోసమే పుట్టిన తొలి ముఖ్య రచనగా దీన్ని లెక్కిస్తారు. ఒపెరా తరహా సోలోలు ఇందులోనూ ఉన్నా, అరువు సొమ్ము మాత్రం లేదు. ఇర్వెల్ స్ప్రింగ్స్ బ్యాండు విజేతగా నిలిచింది.

అసలు మలుపు 1928లో వచ్చింది. ఆ ఏడాది జాతీయ పోటీకి గుస్తావ్ హోల్‌స్ట్ ‘ఎ మూర్‌సైడ్ సూట్’ రాశాడు. యువకుడిగా ట్రాంబోన్ వాయించి పొట్టపోసుకున్న స్వరకర్త ఆయన. స్కెర్ట్‌సో, నాక్టర్న్, మార్చ్ అని ఇందులో మూడు భాగాలు. చకచకా సాగే మొదటి భాగం ముగియగానే నెమ్మదైన నాక్టర్న్ వస్తుంది. అప్పటికే పెదవులు అలిసి ఉంటాయి. సన్నని నాదాన్ని నిలకడగా పట్టి ఉంచాలంటే ఊపిరి లెక్కగా వదలాలి. కొంచెం పట్టు సడలినా శ్రుతి జారుతుంది, స్వరం మధ్యలో చిట్లుతుంది. వేళ్ల వేగం కన్నా ఇలాంటి చోటే బ్యాండు సత్తా తెలుస్తుంది. ఆ రోజు బ్లాక్ డైక్ మిల్స్ బ్యాండు గెలిచింది.

1930లో 73 ఏళ్ల ఎడ్వర్డ్ ఎల్గార్ ‘సెవెర్న్ సూట్’ ఇచ్చాడు. బ్యాండు వాద్యాలకు అమర్చడంలో హెన్రీ గీల్ పాలు ఉంది. నాటకకర్త బెర్నార్డ్ షాకు అంకితమైన ఈ రచనతో ఫోడెన్స్ బ్యాండు గెలిచింది. తర్వాత ఎల్గార్ దీన్నే ఆర్కెస్ట్రాకు మార్చి రాశాడు. జాన్ ఐర్లండ్ ‘ఎ డౌన్‌లాండ్ సూట్’ 1932లో, ఆర్థర్ బ్లిస్ ‘కెనిల్‌వర్త్’ 1936లో వచ్చాయి. ఆ ఏడాది నవంబరు 30న క్రిస్టల్ ప్యాలెస్ కాలిపోయింది. 1945 నుంచి జాతీయ పోటీకి రాయల్ ఆల్బర్ట్ హాల్ వేదికైంది.

యుద్ధానంతర రచనల్లో ఎరిక్ బాల్ ‘రిసర్గమ్’ (1950), రాల్ఫ్ వాన్ విలియమ్స్ ‘వేరియేషన్స్’ (1957) ఇప్పటికీ బ్యాండుల నోట నానుతున్నాయి. కొత్తదనానికి మాత్రం తలుపులు తేలిగ్గా తెరుచుకోలేదు. 1969లో బ్రిటిష్ ఓపెన్‌కు పెట్టిన గిల్బర్ట్ వింటర్ ‘స్పెక్ట్రమ్’ మీద చాలామంది మండిపడ్డారు. విల్‌ఫ్రెడ్ హీటన్‌కు జరిగింది ఇంకా అన్యాయం. 1973 జాతీయ పోటీకి ఆయన రాసిన ‘కాంటెస్ట్ మ్యూజిక్’ మరీ ఆధునికమని పక్కన పెట్టేశారు. దాని బదులు హ్యూబర్ట్ బాత్ ‘ఫ్రీడమ్’ను తెచ్చి పెట్టారు. అది 1922 నాటి పోటీ కృతి! హీటన్ రచన ఆల్బర్ట్ హాల్‌లో మోగడానికి 1982 దాకా పట్టింది. వేల్స్‌కు చెందిన కోరీ బ్యాండు దానితో గెలిచింది. బిగువుగా అల్లిన ఆ సంగీతాన్ని వింటే, తొమ్మిదేళ్లు మూలన ఉంచడానికి కారణమేమిటో ఈనాటి శ్రోతకు అంతుపట్టదు.

1985లో జాన్ మెకేబ్ ‘క్లౌడ్‌క్యాచర్ ఫెల్స్’ లేక్ డిస్ట్రిక్ట్ కొండలను నాదంలోకి తెచ్చింది. 2000లో పీటర్ గ్రాహమ్ ‘హారిసన్స్ డ్రీమ్’ సముద్రం మీద రేఖాంశం లెక్కగట్టే గడియారం కోసం జీవితం ధారపోసిన జాన్ హారిసన్ కథను చెప్పింది. ఈ తరం కృతుల్లో తాళవాద్యాలకూ పెద్ద పని ఉంటుంది. 1978లో మొదలైన యూరోపియన్ పోటీలో ప్రతి బ్యాండూ నిర్ణీత కృతితో పాటు తానే ఎంచుకున్న మరో రచననూ వాయిస్తుంది. బ్రిటన్ జాతీయ పోటీల్లో ఛాంపియన్‌షిప్ విభాగం కింద మరో నాలుగు స్థాయిలున్నాయి, ఒక్కోదానికి దాని తాహతుకు తగిన కృతిని ఏటా నిర్ణయిస్తారు. కింది స్థాయిల కోసం రాసేటప్పుడు వాదకుల శక్తిని మించకూడదు, అలాగని సంగీతం పలచబడకూడదు. అందుకే ఆ రచన తేలిక పని కాదు.