నర్సింగ్ చదువులో ఒత్తిడి: 14416కు ఎప్పుడు ఫోన్ చేయాలి? కాలేజీని ఏం అడగాలి?

కొత్తగూడ లాంటి ఏజెన్సీ మండలం నుంచి వచ్చి, వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో ఉంటూ నర్సింగ్ చదువుతున్న చెల్లెలు మీకు ఉందనుకోండి. ఎప్పుడు ఫోన్ చేసినా 'బాగానే ఉన్నా' అంటుంది. కానీ నిద్ర లేదు, అన్నం సహించడం లేదు, వార్డుకు వెళ్లాలంటే భయం. ఇలాంటప్పుడు ఏం చేయాలో తెలుసుకోండి.

ఒత్తిడి అంటే ఏమిటి?

భయం, పరీక్ష, గొడవ ఎదురైతే శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి. పని అయ్యాక ఇవి సర్దుకుంటే ఇబ్బంది లేదు. రోజుల తరబడి అలాగే ఉంటే నిద్ర, ఆకలి, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి.

నర్సింగ్ విద్యార్థులకు ఎందుకు ఎక్కువ?

మిగతా చదువుల్లో తప్పు చేస్తే మార్కులు పోతాయి. ఇక్కడ రోగికి ఏమవుతుందోనన్న భయం ఉంటుంది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకే కళ్లముందు మరణాన్ని చూడాల్సి రావచ్చు. దీనికి తోడు క్లాసులు, వార్డు డ్యూటీలు, రికార్డులు. తెలుగు మీడియంలో చదివినవారికి ఇంగ్లిష్ పాఠాలు అదనపు భారం. కోయ కుటుంబాల పిల్లల్లో కొందరికి తెలుగే రెండో భాష.

వెంటనే ఏం చేయొచ్చు?

* నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఐదు నిమిషాలు చేయండి.
* చేతకాని పనిని వార్డులో ఒంటరిగా చేయొద్దు. సీనియర్ నర్సును అడగడం తప్పు కాదు.
* రోగి చనిపోయిన రోజు ఆ బాధను లోపలే దాచుకోకుండా తోటివారితోనో టీచర్‌తోనో మాట్లాడండి.
* నైట్ డ్యూటీ చివరి గంటల్లో టీ, కాఫీ మానేయండి. గది చీకటి చేసుకుని పడుకోండి.

ఎప్పుడు సాయం తీసుకోవాలి?

రెండు వారాలు దాటినా దిగులు, నిద్రలేమి తగ్గకపోయినా, చదువు, డ్యూటీ సాగకపోయినా ఆలస్యం చేయొద్దు. చనిపోవాలన్న మాట నోట వస్తే ఆమెను ఒంటరిగా వదలకండి. ప్రాణాపాయం ఉందనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

14416కు చేస్తే ఏమవుతుంది?

ఇది టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించింది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ముందుగా కౌన్సెలర్ వింటారు. అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా దగ్గరి ఆసుపత్రి వివరాలు చెబుతారు. కలవకపోతే 1800-891-4416కు చేయండి. ఫోన్ చేయడానికి పెద్ద జబ్బే ఉండాల్సిన పని లేదు. ఆమె గురించి మీరు కూడా చేయొచ్చు.

నేరుగా డాక్టర్‌ను కలవాలంటే వరంగల్ ఎంజీఎం ఉంది. సొంత ప్రాంతంలోనైతే మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ గురించి అడగండి.

కాలేజీకి తెలిసిపోతుందా?

చాలామందిని ఆపేది ఈ భయమే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం రోగి హక్కు. కొన్ని మినహాయింపులున్నాయి. ఉదాహరణకు, ప్రాణాపాయం ఉంటే దాన్ని తప్పించడానికి అవసరమైనంత మేరకు చెప్పొచ్చు.

కాలేజీ బాధ్యత ఏమిటి?

విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవి పాటించాల్సినవే. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ లేదా సైకాలజిస్టు కనీసం ఒకరుండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టెలీ మానస్ సహా హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లు, తరగతి గదుల్లో కనిపించేలా పెట్టాలి. ఈసారి చూడటానికి వెళ్లినప్పుడు హాస్టల్ గోడ మీద ఆ నంబర్ ఉందేమో చూడండి. లేకపోతే ప్రిన్సిపాల్‌ను అడగండి.

ఈలోగా 14416ను ఆమె ఫోన్‌లో సేవ్ చేయించండి. కొత్తగూడలో ఉన్న అమ్మానాన్నలకూ ఆ నంబర్ చెప్పండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆమె పక్కన ఉండేది వాళ్లే.