హోదా, వారసత్వం, మేలిమి ఖడ్గం (పాత్రధారణ ఆటలు)

కల్పిత లోకంలో ఒక మనిషిని సృష్టించుకుని, పాచికల సాయంతో అతని కథ నడిపే ఆటల్లో మొదటే మూడు సంగతులు తేల్చుకోవాలి. పాత్ర ఏ ఇంట పుట్టింది, చేతిలో ఎంత సొమ్ముంది, నడుముకున్న కత్తి ఎక్కడిది? పైకి మూడూ ఒకటే అనిపిస్తాయి. మంచి నియమావళి మూడింటికీ వేర్వేరు పద్దులు పెడుతుంది.

1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు పుట్టుకతో పని లేదు. మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని పదితో హెచ్చవేస్తే అన్ని బంగారు నాణేలు. కత్తయినా కవచమైనా వాటితోనే కొనుక్కోవాలి. 1977 నాటి ట్రావెలర్ బలం, తెలివితేటల సరసన సామాజిక స్థాయినీ పాచికలకు వదిలింది. రెండు పాచికల మీద 11 లేదా 12 పడితే పేరుకు ముందు బిరుదు తగిలించుకోవచ్చు. గ్రెగ్ స్టాఫర్డ్ రూపొందించిన పెండ్రాగన్ (1985)లో వీరుడు చనిపోతే వారసుడు ఆట అందుకుంటాడు.

లెక్క బాగా తెగేది గర్ప్స్ అనే ఆటలో. 2004 నాటి నాలుగో కూర్పు ప్రకారం మధ్యయుగపు సామాన్యుడు 1,000 డాలర్లతో మొదలవుతాడు. మామూలు వెడల్పు కత్తి 500. అదే మేలిమిదైతే నాలుగింతలు, అంటే 2,000. అతి మేలిమిదైతే ఇరవై ఇంతలు. కాబట్టి సామాన్యుడు డబ్బు పెట్టి మంచి కత్తి కొనలేడు. అయితే పాత్ర నిర్మాణానికి ఇచ్చే పాయింట్లలో నాలుగు ఖర్చు పెడితే, బీదవాడైనా తాతల నాటి ఖడ్గం పట్టుకుని కథలోకి రావచ్చు. అతని తప్పు లేకుండా అది పోతే, తిరిగి సంపాదించుకునే అవకాశం ఆట నడిపేవారు కల్పించాలి. తానే అమ్ముకున్నా, దానం చేసినా పాయింట్లు గల్లంతే.

ఈ చివరి నిబంధన చదవగానే తెలుగువారికి కర్ణుడు గుర్తుకు రావాలి. ఎన్.టి. రామారావు 1977లో ‘దాన వీర శూర కర్ణ’ తీసి, అందులో కర్ణుడిగా, దుర్యోధనుడిగా, కృష్ణుడిగా తానే నటించారు. కర్ణుడికి తండ్రి నుంచి వచ్చిన కవచకుండలాలున్నాయి, హోదా లేదు. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో కృపుడు వంశం అడిగినప్పుడు విలువిద్య అక్కరకు రాలేదు. దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యం కట్టబెట్టి ఆ లోటు పూడ్చాడు. ఆ తరువాత ఇంద్రుడు అడిగితే కవచకుండలాలు కోసిచ్చాడు. బదులుగా వచ్చిన శక్తి అనే ఆయుధం ఒక్కసారికే పనికొచ్చేది, అదీ ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. వారసత్వం ఒక పద్దు, హోదా మరో పద్దు అనడానికి ఇంతకంటే తేట ఉదాహరణ దొరకదు.

ఆయుధం ఇంటి ఆస్తి కానక్కరలేదని పల్నాడు చెబుతుంది. అక్కడి కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో పల్నాటి యుద్ధ వీరులకు ఐదు రోజుల ఆరాధన జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఆచారవంతులు తమ తమ వీరుల ఆయుధాలు తెచ్చి, నాగులేటిలో కడిగి కొలుస్తారు. ఇక్కడ ఆయుధంతో పాటు సంక్రమించేది మొక్కు, బాధ్యత. మాల కులస్థుడైన కన్నమదాసు బ్రహ్మనాయుడి దత్తపుత్రుడై సేనాని అయ్యాడని వీరగాథ చెబుతుంది. పుట్టుకను పాచికలతో తేల్చే పట్టికలో ఆ గడి ఎక్కడుంటుంది?

మేలిమి కత్తి అంత ఖరీదు ఎందుకన్న ప్రశ్నకు జవాబు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉంది. ఆ ఊళ్ళో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కును, పర్షియా వర్తకులు డమాస్కస్ కత్తుల కోసం కొనుక్కుపోయేవారు. త్రికోణమితీయ సర్వేలో పనిచేసిన భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్ళి ఆ పద్ధతిని రాసిపెట్టాడు. ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కోసం వచ్చిన వర్తకుడినీ అక్కడే చూశాడు. ఉక్కు తీసిన చేతులు ఇక్కడివి, కత్తి సాగగొట్టిన కొలిమి ఎక్కడో దూరాన, దాన్ని నడుముకు కట్టుకున్నది మరెవరో అమీరు. చాలా ఆటల్లో ధరల పట్టిక ఆ అమీరు వైపు నుంచే రాసి ఉంటుంది. తెలంగాణ నేపథ్యంలో ఆట కట్టేవారు అందులో ముడి ఉక్కు ముద్దకూ ఒక వరుస చేర్చి, కోనసముద్రం ధర ఒకటి, ఇస్ఫహాన్ ధర ఒకటి వేయడం సబబు.