ఆరేళ్లు ఆకాశంలో ఉన్న విత్తనాలు

1990 జనవరి 12. కొలంబియా షటిల్‌లోంచి బానీ డన్‌బార్ రోబో చేతిని నెమ్మదిగా చాపుతోంది. ఎదురుగా బస్సంత ఉపగ్రహం ఎల్‌డీఈఎఫ్. రోజురోజుకీ కిందికి జారిపోతోంది. ఇంకొన్ని వారాలు ఆగితే గాలి పొరల్లో మండి బూడిదయ్యేది.

చెయ్యి పట్టు చిక్కించుకుంది. లోపల అల్యూమినియం డబ్బాల్లో కోటీ పాతిక లక్షల టమాటా విత్తనాలు!

అవి ఏడాది లోపే దిగిరావాలి. 1984 ఏప్రిల్‌లో ఛాలెంజర్ షటిల్ వాటిని మోసుకెళ్లినప్పుడు పైలట్ డిక్ స్కోబీ. 1986 జనవరి 28న అదే ఛాలెంజర్ నింగిలో ముక్కలైనప్పుడు కమాండర్ ఆయనే. ఆ తర్వాత రెండున్నరేళ్లకు పైగా షటిల్ ఏదీ లేవలేదు. విత్తనాల్ని ఎవరు తెస్తారు?

చివరికి కొలంబియాలో కిందికి వచ్చాక నాసా, పార్క్ సీడ్ కంపెనీ కలిసి వాటిని బడులకు పంచాయి. ఒక్కో కిట్‌లో రెండు రకాల విత్తనాలు: ఆకాశంలో తిరిగినవి, ఇన్నేళ్లూ భూమి మీదే గిడ్డంగిలో పడి ఉన్నవి. పిల్లల కళ్లన్నీ మొదటి వాటి మీదే ఉంటాయి, అది సహజం. కానీ నా లెక్కలో పాఠమంతా రెండో పొట్లంలోనే ఉంది. అది లేకపోతే కుండీలో ఏం మొలిచినా అంతరిక్షం మహిమే అనిపిస్తుంది.

అసలు తిప్పలు అక్కడే మొదలు. కిటికీ పక్క కుండీకి ఎండ ఎక్కువ, గోడవార కుండీకి తక్కువ. ఆకాశం విత్తనానికి ముద్దుగా ఇంకో చెంబు నీళ్లు పోస్తే పోలిక చెడినట్టే. ఏ కుండీ ఏదో కొలిచేవాడికి తెలియకపోతే మరీ మంచిది. తెలిస్తే స్కేలు కూడా కాస్త పక్షపాతం చూపిస్తుంది. ‘మొలిచింది’ అని ఎప్పుడు రాసుకోవాలి? మట్టి చీలినప్పుడా, ఆకు విచ్చినప్పుడా? నాలుగు గింజలతో తేలుతుందా? గోనెసంచిలో గింజలు చుట్టి మొలక శాతం చూసుకునే మన రైతు కూడా నాలుగు గింజలతో సరిపెట్టుకోడు.

ఇంతలో కలకలం. రేడియేషన్ వల్ల ఈ మొక్కలు విషపు కాయలు కాసే అవకాశం, ఎంత కొంచెమైనా, ఉందని ఓ మెమో హెచ్చరించింది. సంగతి పత్రికలకెక్కింది. టమాటా ఉమ్మెత్త కుటుంబంలోదే కాబట్టి భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. ప్రమాదం లేదని నాసా చెప్పింది. తినాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం తరగతి గదిలోకి వచ్చేసింది. సైన్సు క్లాసులో ఇంతకన్నా నిజమైన ప్రశ్న దొరకదు.

ముప్పై లక్షలకు పైగా పిల్లలు ఇందులో పాల్గొన్నారు. పెంచి, కొలిచి, కొన్ని బడులు లెక్కలు పంపాయి. ఆకాశం విత్తనాలు మొదట్లో ఒకింత త్వరగా మొలకెత్తాయి. కొన్ని వారాలకు రెండూ సమానమయ్యాయి. వింత మొక్కల కోసం ఎదురుచూసినవాళ్లు ఉసూరుమని ఉంటారు.

ఆ మొదటి తొందర మాత్రం చిక్కుముడే. రేడియేషన్ వల్లా, డబ్బాలో ఎక్కిదిగిన వేడి వల్లా, గిడ్డంగి గాలికీ ఆ డబ్బా గాలికీ ఉన్న తేడా వల్లా? ‘అంతరిక్షం’ అని ఒక్క మాటలో అంటున్నా, అందులో మారినవి ఎన్నో. విడదీయాలంటే మూడో పొట్లం ఉండాలి, నాలుగోదీ ఉండాలి. కిట్‌లో రెండే ఉన్నాయి.