పాత ఫోటోలలో మన దేవాలయములు

శతవార్షికోత్సవము అనగానే మనకు మొదట జ్ఞాపకము వచ్చేవి కట్టడములు. ఈ దేవాలయము ఎప్పుడు కట్టారు, గంట ఎవరు ఇచ్చారు, బడి ఏ చెట్టు క్రింద మొదలైంది అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే సాక్షులలో పాత ఫోటో ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు క్రైస్తవ కట్టడములను గూర్చి ఆ సాక్షి ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో సంఘస్థుల ముందుంచాలని ఈ వ్యాసము వ్రాస్తున్నాము. ఇది ఏ మిషను, అది ఏ మిషను అనే తేడా ఇక్కడ పెట్టుకోలేదు.

మన కథలో మొదటి అధ్యాయములకు ఫోటోలు లేవు. లండన్ మిషనరీ సొసైటీ వారైన జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ గార్లు 1805లో విశాఖపట్నం చేరారు. పర్లాకిమిడి సీమకు చెందిన పురుషోత్తమ చౌధరి గారు శ్రీకాకుళంలో హెలెన్ నాట్ దొరసాని వలన సువార్త తెలుసుకొని, 1833లో కటకంలో బాప్తిస్మము పొందారు. ఫోటో తీసే విద్యను పారిస్ నగరంలో లోకానికి వెల్లడించినది 1839లో. కనుక ఆ తొలి దినములను గూర్చి ఉత్తరములు, నివేదికలు, చౌధరి గారి కీర్తనలు మాత్రమే మనతో మాట్లాడగలవు.

తరువాత వచ్చిన వారి కాలానికి కెమెరా కూడ వచ్చింది. కెనడా తూర్పు తీరపు బాప్తిస్టు మిషనరీలు 1873లో సయాం దేశమును ఉద్దేశించి బయలుదేరి, 1875లో తెలుగు దేశమునకు మళ్లారు. శాన్‌ఫర్డ్ దంపతులు భీమునిపట్నంలో, ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు శ్రీకాకుళంలో, చర్చిల్ దంపతులు బొబ్బిలిలో పనిచేశారు. సాలూరు, పార్వతీపురం వైపునకు ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన కథోలిక గురువులు అంతకు ముందే, 1846లో, విశాఖపట్నం చేరారు. మిషనరీలు తీయించిన పటములు చాలవరకు ఓడలెక్కి వారి దేశములకు వెళ్లాయి. అక్కడి సంఘముల పత్రికలలో అచ్చయ్యాయి. కొన్నిటిని దీపపు వెలుగుతో తెరమీద చూపించి చందాలు పోగుచేశారు.

అందుచేత మన ఊరి పటము కావాలంటే దూరదేశములో వెదకవలసి వస్తుంది. లండన్ మిషను వారి కాగితములు 1973 నుండి లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యల సంస్థలో ఉన్నాయి. కెనడా వారి సామగ్రి హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్, వుల్ఫ్‌విల్‌లోని అకాడియా విశ్వవిద్యాలయములలో భద్రముగా ఉన్నది. వెదకేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆనాడు శ్రీకాకుళం పేరు చికకోల్. అది గంజాం జిల్లాలోనిది. బొబ్బిలి మొదట విశాఖపట్నం జిల్లాలో ఉండి, 1950లో శ్రీకాకుళం జిల్లాకు, 1979లో విజయనగరం జిల్లాకు వచ్చింది. నేటి జిల్లా పేరుతో వెదికితే పాత పెట్టె దొరకదు.

ఆ కాలపు కట్టడములను చూడండి. గానుగ సున్నముతో కట్టిన మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, ఎండ లోపలికి రాకుండా చుట్టూ వరండా. ఇది మన వానను, మన ఎండను ఎరిగిన మేస్త్రీల పనితనము. అట్టి గోడకు ఇప్పుడు సిమెంటు పూస్తే లోని చెమ్మ బయటికి పోలేక గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది. మరమ్మతు చేసేవారికి కూడ పాత ఫోటో దారి చూపగలదు.

అయితే ఆ పటములు దాచినది కూడ ఉన్నది. క్రింద తరచు దొరగారి పేరు మాత్రమే ఉంటుంది. ప్రక్కన నిలిచిన వారు 'ఉపదేశి', 'బైబిలు స్త్రీ', 'బడి పిల్లలు'. కాలినడకన ఊరూరా తిరిగి సంఘమును నిలబెట్టిన వారికి పేరు లేదు! మన పొరుగున శ్రీకూర్మం ఆలయ స్తంభములను చూస్తే, అఖండ దీపమునకు దానమిచ్చిన వారి పేర్లు ఏడు వందల ఏండ్ల తరువాత కూడ చదువుకోవచ్చు. రాతిమీద చెక్కారు గనుక వారు నిలిచారు. మన తాతముత్తాతల ముఖములు మిగిలినా పేర్లు పోతున్నాయి.

ఇంగ్లండులోని వార్విక్‌షైర్‌లో 1890 ప్రాంతమునే ఔత్సాహికులు కెమెరాలు పట్టుకొని తమ జిల్లాలోని పాత దేవాలయములను, ఇండ్లను వరుసగా ఫోటోలు తీయ నారంభించారు. 1941లో, బాంబుల వలన కట్టడములు కూలుతున్నప్పుడు, పోకముందే పటము తీసి ఉంచడానికి ఆ దేశంలో ఒక జాతీయ సంస్థనే ఏర్పరచారు. మన కట్టడములకు ముప్పు బాంబులు కాదు. కాని 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానులు ఈ తీరమును కొట్టాయి. తుఫాను విడిచిన దానిని మనమే పడగొట్టి స్లాబు వేస్తున్నాము. సంఘము పెరిగినప్పుడు పెద్ద మందిరము అవసరమే, దానిని కాదనము. పాతది ఎట్లుండేదో చూపే పటము ఒక్కటైనా మిగల్చకుండా పడగొట్టడమే తప్పు.

కనుక సంఘస్థులకు మా మనవి ఇది. ఇంట్లో ఉన్న పెండ్లి, బాప్తిస్మము, బడి ఫోటోలను తీసుకొని సంఘములోని వృద్ధుల యొద్దకు వెళ్లండి. ఎవరెవరో ఒక్కొక్కరిని అడగండి. పేరు, ఊరు, సంవత్సరము వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయండి. బాల్ పెన్ను అచ్చు ముందుకు పడుతుంది. జిగురుతో అట్టకు అంటించవద్దు. సెల్‌ఫోనుతో ఒక నకలు తీసి సంఘ కాపరిగారికి ఇవ్వండి. పాత మందిరము తీయవలసి వస్తే నాలుగు ప్రక్కల, లోపల, పునాది రాయిమీద, గంటమీద ఉన్న వ్రాత అన్నిటిని ముందుగా ఫోటో తీయించండి.

కెనడాలోను, లండనులోను ఉన్న పటములకు పేర్లు అక్కడివారు పెట్టలేరు. ఆ ముఖములను గుర్తుపట్టగల వృద్ధులు మన మధ్యనే, మన బెంచీలమీదనే ఉన్నారు. ఏటేటా వారు తగ్గిపోతున్నారు. ఈ శతవార్షిక సంవత్సరములోనే ఆ పని మొదలు పెడదాము.