మెదడు నాళములకు లోపలి బాట

మానవశరీరమున మెదడు ఎముకల కోటలో నున్నది. ఆ కోటగోడయే మెదడునకు రక్షణము. వైద్యునకు మాత్రము అదియే అడ్డు. మెదడునకు రక్తమును గొనిపోవు ధమనులలో ఒక్కొక్కచోట గోడ బలహీనమై చిన్న తిత్తివలె ఉబ్బును. ఏండ్లతరబడి రోగికి దాని జాడయే తెలియకుండవచ్చును. అది పగిలినచో పిడుగు పడినట్లు తలనొప్పి వచ్చును. పెక్కురు స్మృతి తప్పుదురు. బ్రతికి బయటపడినవానికిని అది మరల పగులునేమో యను భయము తప్పదు. ఈ తిత్తిని మూయుటకు వైద్యులు వెదకిన బాటలే నేటి ప్రసంగ విషయము.

కనబడని దానికి చికిత్స యెట్లు? 1927లో లిస్బన్ నగరమున ఎగాస్ మొనీజ్ అను వైద్యుడు మెడలోని ధమనిలోనికి ఎక్సు-కిరణములను అడ్డగించు ద్రవము నెక్కించి, మెదడు నాళముల చిత్రమును తీసెను. 1937లో బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ కపాలమును తెరచి, తిత్తి మెడను వెండి బిగింపుతో నొక్కి మూసెను. ఇది గొప్ప విజయమే. కాని తిత్తిని చేరుటకు ఎముకను కోయవలెను, మెదడును ప్రక్కకు తొలగింపవలెను.

రక్తము పోవు దారినే వైద్యుడును పోరాదా? 1953లో స్వీడన్ దేశీయుడు సెల్డింగర్ సూది వెంట తీగను, తీగ వెంట సన్నని గొట్టమును ధమనిలోనికి పంపు సులభోపాయమును ప్రకటించెను. 1960లో అమెరికాలో లూసెన్‌హాప్, స్పెన్స్ అను వైద్యులు చిక్కుపడిన నాళముల గుంపును మూయుటకు చిన్న గుండ్లను రక్తములో విడిచిన వృత్తాంతమును వెల్లడించిరి. గుండ్లను ప్రవాహమే గొనిపోయెను. విడిచిన పిదప వైద్యుని చేత పగ్గము లేదు.

మాస్కోలో సెర్బినెంకో అను శస్త్రవైద్యుడు, ఉత్సవమున పిల్లలు దారములతో పట్టుకొనిన బుడగలను చూచి, గొట్టము కొనకు బుడగను కట్టు ఊహను పొందెనని చెప్పుదురు. ఆయన పద్ధతి 1974లో అమెరికా పత్రికలో ప్రకటితమై లోకమునకు తెలిసెను. బుడగను నడుపవచ్చును, నింపవచ్చును. కాని తిత్తులన్నియు గుండ్రనివి కావు. బుడగ తన రూపమును విడువక పలుచని గోడను ఒత్తును. ఒకసారి విడిపోయినచో మరల రాదు.

ఈ లోపమును తీర్చినవాడు ఇటలీ దేశీయుడైన గుగ్లియెల్మి. లాస్ ఏంజిలీస్‌లో ఆయన, ఇంజనీరు సెపెట్కాయు కూడి మెత్తని ప్లాటినము తీగచుట్టను నిర్మించిరి. అది తిత్తి యాకారమునకు లొంగి చుట్టుకొనును. సరిగా కుదరనిచో వెనుకకు లాగవచ్చును. కుదిరిన పిదపనే స్వల్ప విద్యుత్తును పంపి అతుకును కరగింతురు. 1990లో ఇది రోగులకు మొదట ఉపయోగింపబడెను. దీని ఘనత దూరము పోవుటలో లేదు. తప్పినచో మరలివచ్చు వీలును వైద్యుని చేత నుంచుటలో నున్నది.

ఏ పద్ధతి మేలు? తిత్తి పగిలి, రెండు చికిత్సలకును తగినవారైన 2143 మంది రోగులను పరీక్షించిన ఫలితము 2002లో వెలువడెను. ఏడాది గడచునప్పటికి మరణించినవారు గాని, పరాధీనులైనవారు గాని తీగచుట్ట చికిత్స పొందినవారిలో నూటికి 23.7, కపాలము తెరచినవారిలో 30.6. ఐనను తీగచుట్టతో మూసిన తిత్తి మరల పగులు సంభవము కొంచె మెక్కువ. కావుననే డాండీ బిగింపు మూలబడలేదు. తిత్తి రూపమును, ఉన్న చోటును, రోగి వయస్సును చూచి వైద్యుడు బాట నెన్నుకొనును. రెండు బాటలు తెరచియుండుటయే రోగికి లాభము.